కాస్త నెమ్మదిగా చెప్పు నాయనా

మనిషి గొంతుని తొందరపెట్టటానికి ఫోనులో ఒక మీట ఉందని మీకు తెలిసే ఉంటుంది. 2021లో వాట్సాప్ వాళ్ళు ఆ సదుపాయం తెచ్చారు. ఎవరైనా మాట రికార్డు చేసి పంపిస్తే, దాని పక్కనున్న అంకె మీద వేలు పెడితే చాలు. ఒకసారి నొక్కితే ఒకటిన్నర రెట్లు, ఇంకోసారి నొక్కితే రెండు రెట్లు. ఆడపడుచు నాలుగు నిమిషాలపాటు చెప్పిన పెళ్ళి కబుర్లు రెండు నిమిషాల్లో అయిపోతాయి. ఈ పక్క పోపు వేగేలోపల ఆ పక్క పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళిపోతుంది! మూడోసారి నొక్కితే మళ్ళీ మామూలు నడక. ఆనాడు ఇచ్చిన అంకెలు అవే. ఒకటి కంటే తక్కువ అంకె ఆ వరసలో లేదు.

"ఎందుకు లేదే?" అనడిగితే మా అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

"నెమ్మదిగా ఎవరు వింటారమ్మా!"

అడిగింది చిన్నపిల్లే అయినా ప్రశ్న చిన్నది కాదు. ఎదుటి మనిషి మాటని త్వరగా వదిలించుకోవాలనుకునేవాళ్ళు లక్షల్లో ఉంటారని ఆ యంత్రం తయారుచేసినవాళ్ళకి తోచింది. రోజుకి సగటున 700 కోట్ల మాటల సందేశాలు ప్రపంచమంతా పంపుకుంటోందని 2022లో ఆ సంస్థే చెప్పుకుంది. అన్ని కోట్ల మాటల్లో ఒక్కటైనా మెల్లగా వినాలనుకునే మనిషి ఉండదా? నాకు తెలిసినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. చెయ్యి సరిపోలేదు.

అందులో మొదటి మనిషి మా అత్తయ్యగారు. ఆవిడకి ఎనభై మూడేళ్ళు. పామర్రు దగ్గర మా పల్లెటూళ్ళో ఆరునెలలు, సత్యనారాయణపురంలో మా ఇంట్లో ఆరునెలలు. మా బావగారి అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వారానికోసారి నానమ్మకి మాట పంపటం వాడికి అలవాటు. మంచి పిల్లాడు. కానీ ఆ మాట పంపేది కారు నడుపుతూ, ఆఫీసుకి వెళ్ళే దారిలో. కారుతోపాటు మాటా పరుగెత్తుతుంది. తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి మలుపు తిరిగి, మళ్ళీ తెలుగులోకొచ్చి, ఏదో సిగ్నల్ దగ్గర ఠక్కున ఆగిపోతుంది.

అత్తయ్యగారు ఫోను ఈ చెవి దగ్గర పెట్టుకుంటారు. తర్వాత ఆ చెవి దగ్గర. తర్వాత నాకేసి చూసి, "బాగానే ఉన్నాట్టా?" అంటారు.

"బాగానే ఉన్నాడటండీ. కొత్త ఇల్లు చూస్తున్నాడట."

"వినపడుతోందే అమ్మాయ్. మాటే అందటం లేదు."

ఈ వాక్యం ఎనభై దాటినవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ వినపడుతుంది. మనం దాన్ని చెవుడు అనేసి గొంతు పెంచుతాం. అది పొరపాటు వైద్యం. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేది సన్నటి ధ్వనులు. స, ష, త, ప లాంటి హల్లులు మసకబారతాయి, అచ్చులు మాత్రం బాగానే మోగుతుంటాయి. అంటే శబ్దం చేరుతుంది, పదం చేరదు. పైగా చేరిన శబ్దాన్ని విడదీసి అర్థం కట్టుకోవటానికి పెద్దవాళ్ళ మెదడుకి కాస్త ఎక్కువ వ్యవధి కావాలి. మాట వేగం పెరిగేకొద్దీ కుర్రవాళ్ళకంటే వాళ్ళు ఎక్కువ తికమక పడతారని పరిశోధనలు చేసినవాళ్ళు తేల్చారు. అరిస్తే అచ్చులు ఇంకా గట్టిగా మోగుతాయి, హల్లులు ఎక్కడివక్కడే. మొహం కనపడేలా కూచుని, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ చెపితే సగం చెవుడు నయమవుతుంది. ఈ మందుకి ఖర్చు లేదు, అందుకే కాబోలు ఎవరూ వాడరు.

సరే, డల్లాస్ నుంచి వచ్చిన మాటకి మొహం ఎక్కణ్ణుంచి తేను? మా అమ్మాయే ఉపాయం చెప్పింది. ఆ మాటని ఫోనులో దాచుకుని, విఎల్‌సి అనే ఇంకో ప్లేయర్లో తెరిస్తే అందులో వేగం తగ్గించుకోవచ్చునట. ముందు సగానికి దించాం. మావాడు నిద్రమాత్ర మింగినవాడిలా సాగదీశాడు. అత్తయ్యగారు భయపడ్డారు, "వీడికి ఒంట్లో బాగాలేదేమోనే!" అంటూ. ముప్పావుకి పెంచాం. నలభై రెండు సెకన్ల మాట యాభై ఆరు సెకన్లయింది. ఆ పద్నాలుగు సెకన్లలో ఎంత ఉందో చెప్పమంటారా? ప్రతివారం చివర్న, కారు ఆపేముందు, వాడు గబగబా ఒక మాట అంటున్నాడు. "నానమ్మా, మోకాళ్ళెలా ఉన్నాయి, మందు వేసుకుంటున్నావా?" అని. ఆవిడకి ఆ మాట అందటం అదే మొదటిసారి.

నాకు చిన్నప్పటి టేప్ రికార్డరు గుర్తొచ్చింది. బ్యాటరీలు నీరసిస్తే సుశీలమ్మ గొంతు కాస్తా మగగొంతయిపోయేది. అంతకు ముందు గ్రామఫోనుకి కీ అయిపోయినా అంతే. నిమిషానికి 78 చుట్లు తిరగాల్సిన పళ్ళెం అరవై చుట్లకి దిగితే పాట నెమ్మదించటమే కాదు, శ్రుతి కూడా దిగజారుతుంది. చుట్టూ, శ్రుతీ ఒకే తాడుకి కట్టినవి. ఇప్పటి యంత్రం ఆ తాడు తెంపేసింది. గొంతుని సెకనులో కొన్ని వందో వంతులంత చిన్న ముక్కలుగా కోసి, ఆ ముక్కల్ని కాస్త కాస్త ఒకదానిమీద ఒకటి ఎక్కించి, కావాల్సినచోట మళ్ళీ వాడుకుని అతుకుతుందట. అందుకని మనిషి గొంతు మారదు, నడకే మారుతుంది. అయితే ఒక తేడా ఉంది. నిజంగా నెమ్మదిగా మాట్లాడే మనిషి అచ్చుల్ని సాగదీస్తాడు, మధ్యలో విరామమిస్తాడు, హల్లుల్ని స్పష్టంగా కొడతాడు. యంత్రానికి ఆ విచక్షణ లేదు, దానికి 'ప' ఒకటే, 'ఆ' ఒకటే, నిశ్శబ్దం ఒకటే. అన్నిటినీ ఒకే కొలతతో సాగదీస్తుంది. సగానికి దించితే మత్తెక్కినట్టు వినపడేది అందుకే.

అసలు సంగతి ఇప్పుడు చెపుతాను. అత్తయ్యగారు ఆ మాట నాలుగుసార్లు విన్నారు. విని మురిసిపోయారు. "వీడింత నిదానస్తుడు ఎప్పుడయ్యాడే?" అన్నారు. నేను ఉన్నమాట చెప్పాను, వేగం మేమే తగ్గించామని. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఈ ఓపిక వాడిది కాదన్నమాట. ఫోనుది" అన్నారు.

ఆ మాట నన్ను వారం రోజులు వెంటాడింది. మాట సరిగ్గా అందటం ముఖ్యమా? లేక అందించటానికి ఎదుటివాడు పడ్డ శ్రమ ముఖ్యమా? మొదటిదే ముఖ్యమైతే ఈ యంత్రం మాకు వరం. రెండోదే అయితే ఈ యంత్రం నకిలీ నాణెం. మా బావగారి అబ్బాయికి ఈ కథంతా రాస్తే వాడు వెంటనే, "భలే ఐడియా పిన్నీ! ఇకనుంచీ అలాగే స్పీడ్ తగ్గించి వినిపించండి" అని జవాబిచ్చాడు. వాడి సంబరం నిజమే, వాడి ప్రేమా నిజమే. కానీ చూడండి, ఒక్క వాక్యంతో వాడు చెయ్యాల్సిన పని మా ఇంటికొచ్చి పడింది.

వినేవాళ్ళు తమకోసం తాము వేగం తగ్గించుకుంటే అది వాళ్ళ తెలివి. కళ్ళజోడు పెట్టుకున్నట్టే. 'మీరే తగ్గించుకోండి' అని చెప్పే హక్కు మాత్రం మాట్లాడేవాడికి లేదని నాకనిపిస్తుంది. చదువురాని మనిషికి ఉత్తరం రాసి, ఎవరిచేతనైనా చదివించుకో అన్నట్టుంటుంది. మా ఇంట్లో ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. "వాడు తొమ్మిది గంటలు పనిచేసి అలిసిపోతాడు, కారులో తప్ప వాడికి టైమెక్కడిది?" అంటారు మా వారు. అదీ నిజమే. కానీ తీరుబడి లేనివాడు మూడు విషయాలు చెప్పబోయి హడావుడి పడేకన్నా ఒక్క విషయమే నిదానంగా చెప్పొచ్చు కదా? మోకాళ్ళ సంగతి ముందడిగితే కొత్త ఇల్లు వచ్చేవారం చెప్పినా పోయేదేం లేదు.

ఇంతకీ మాట నడకమీద అధికారం ఎవరిది? ఎదురెదురుగా కూచుని మాట్లాడుకుంటే ఇద్దరిదీ. ఒకరు తొందరపడితే రెండోవారు "ఆగాగు" అంటారు. ఉత్తరమైతే పూర్తిగా చదివేవారిది. మా అమ్మమ్మ తన తమ్ముడి కార్డుని మూడురోజులు చదివేది. అది పోస్టుకార్డేనండీ, పది వాక్యాలుండేవి! ఆ కాలంలో ట్రంకు కాల్ అయితే అధికారం మూడో మనిషిది. పొద్దున బుక్ చేస్తే సాయంత్రానికి వచ్చేదట, మూడు నిమిషాలు కాగానే ఆపరేటరు మధ్యలో దూరేవాడట. మా అమ్మ చెప్పగా విన్నాను. నేను కళ్ళారా చూసింది ఎస్టీడీ బూతులు. ఎదురుగా ఎర్రటి అంకెలు పరుగెడుతుంటే మా నోళ్ళూ పరుగెత్తేవి. "అమ్మా బాగున్నావా నాన్నకి ఎలా ఉంది డబ్బులు పంపారా ఉంటా" అని ఒక్క ఊపిరిలో. అప్పటి తొందరకి కారణం రూపాయి. ఇప్పుడు గంటసేపు మాట్లాడినా పైసా అదనంగా పడదు. రూపాయి భయం పోయినా తొందర మాత్రం పోలేదు, ఇల్లు ఖాళీ చేసినా పేరుపలక తియ్యని అద్దెవాళ్ళలాగా.

ఆ మధ్యకాలంలో క్యాసెట్ల ముచ్చట ఒకటి నడిచింది. గోదావరి జిల్లాలనుంచీ కడపనుంచీ గల్ఫ్ దేశాలకి వెళ్ళినవాళ్ళు ఉత్తరం బదులు క్యాసెట్టు నింపి, ఊరికొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. అరగంట ఒక వైపు, అరగంట ఇంకో వైపు. నింపాలి కాబట్టి నెమ్మదిగా మాట్లాడేవారు. మధ్యలో దగ్గు, ఏడుపు, ఏసీ చప్పుడు, ఏం చెప్పాలో తోచని నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ఇంట్లోవాళ్ళంతా చుట్టూ కూచుని వినేవారు. ముందుకి తిప్పే మీట టేప్ రికార్డరుకీ ఉంది. దాన్నెవరూ ముట్టుకునేవారు కారు.

రేడియో వాళ్ళకి ఈ నిదానం విలువ ఎప్పుడో తెలుసు. బెజవాడలో ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ రేడియో వింటూ పెరిగినవాళ్ళకి అనౌన్సరు ఒక్కో అక్షరాన్నీ పళ్ళెంలో పెట్టి అందించటం గుర్తుండే ఉంటుంది. ఢిల్లీనుంచి ఒకప్పుడు ప్రత్యేకంగా రాసుకునే వేగంతో వార్తలు చదివేవారు, చిన్న చిన్న పత్రికలవాళ్ళు వింటూ రాసుకోవటానికి వీలుగా. అమెరికావాళ్ళ వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో, ఇంగ్లీషు బాగా రానివాళ్ళకోసం, మామూలుకంటే మూడోవంతు తక్కువ వేగంతో వార్తలు మొదలుపెట్టింది. సుమారు పదిహేను వందల మాటలే వాడేవారట. అమెరికానుంచి నెమ్మదిగా మాట్లాడటం అసాధ్యమేమీ కాదని మా బావగారి అబ్బాయికి ఈ సంగతి రాద్దామనుకున్నాను, పోనీలెమ్మని ఊరుకున్నాను.

సంగీతం నేర్చుకున్నవాళ్ళు నవ్వుకుంటారేమో. సరళీ స్వరాలు ఒకటో కాలంలో కుదిరేదాకా మాస్టారు రెండో కాలానికి పోనివ్వరు. మూడో కాలంలో పాడేస్తే అపశ్రుతులు హడావుడిలో కొట్టుకుపోతాయి, ఒకటో కాలంలో ఎక్కడికక్కడ పట్టుబడతాం. మా జిల్లా మొవ్వ క్షేత్రయ్యగారి ఊరు. పదాన్ని విలంబంలోనే పాడతారు. ఆ పక్కనే కూచిపూడి. ఒక్క పంక్తిని మళ్ళీ మళ్ళీ పాడుతుంటే అభినయించే ఆమె ఆ ఒక్క మాటలోంచే కోపం, వెక్కిరింపు, బతిమాలటం ఒక్కొక్కటే తీసి చూపిస్తుంది. వేగంగా పాడితే ఆ మాట ఒట్టి కబురు, అంతే.

వ్యాకరణంలో ఇంకో చక్కని సంగతి ఉంది. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు అని అందరం చదువుకున్నాం. మూడు మాత్రలది ప్లుతం. అది ఎప్పుడు వస్తుందంటే, దూరాన ఉన్నవాళ్ళని పిలిచేటప్పుడు. ఆ పిలుపులో చివరి అచ్చు ప్లుతమవుతుందని పాణిని సూత్రం కూడా రాశాడు. ఆయన చెప్పకపోయినా మా ఊళ్ళో బందరు కాలవ అవతలి గట్టున ఉన్నవాణ్ణి "ఒరే సుబ్బయ్యాఽఽ" అని పిలిచే ప్రతి రైతుకీ అది తెలుసు. దూరం పెరిగితే మాట సాగాలి. కాలవ అవతలకి మూడు మాత్రలు కావాలంటే డల్లాస్‌కి ఎన్ని కావాలి? మనమేమో అరమాత్రకి దిగాం.

ఇదంతా చదివి, నెమ్మదిగా వినేవాళ్ళంతా మంచివాళ్ళని నేనంటున్నాననుకునేరు. అదేం లేదు.

గుడివాడలో మా దూరపు బంధువులింట్లో ఒక పంచాయితీ జరిగింది. కోడలు హైదరాబాదునుంచి అత్తగారికి మాట పంపింది. "సరే అత్తయ్యా, సంక్రాంతికి వస్తాం." ఉన్నవి ఆ నాలుగు ముక్కలే. అందులో 'సరే' అనేముందు ఆ పిల్ల నిట్టూర్చిందని ఆడపడుచు కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోలేదు, వేగం సగానికి దించి, హాల్లో నలుగురి మధ్యా పెట్టి వినిపించింది. నేనూ ఉన్నానక్కడ. సగం వేగంలో ఆ ఊపిరి నిజంగానే నిట్టూర్పులా వినిపించింది. 'వస్తాం' అన్నమాట ఏడుపులా వినిపించింది. "చూశారా, రావటం ఇష్టం లేదు!" అని తీర్పైపోయింది.

నేనన్నాను, "వదినా, నీ మాట కూడా ఒకటి ఇలాగే సాగదీసి విందామా?" అని. ఆవిడకి కోపమొచ్చింది, కాఫీ రెండోసారి ఇవ్వలేదు. కానీ నేను హాస్యానికనలేదు. మెట్లెక్కి వచ్చి మాట్లాడినా ఊపిరి అలాగే వస్తుంది. సాగదీస్తే ప్రతి ఊపిరీ నిట్టూర్పే, ప్రతి తడబాటూ అబద్ధమే. బొమ్మల విషయంలో దీన్ని పరీక్షించి చూశారు కూడా. 2016లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, ఒక దోపిడీలో జరిగిన హత్య వీడియోని కొందరికి మామూలు వేగంలోనూ, కొందరికి నెమ్మది వేగంలోనూ చూపించారు. నెమ్మదిగా చూసినవాళ్ళకే ఆ నేరం ముందుగా అనుకుని చేసినట్టు ఎక్కువగా అనిపించిందట. జరిగింది ఒకటే. చూసేవాళ్ళకి దొరికిన కాలాన్ని చేసినవాడికీ దొరికిందని వాళ్ళు భ్రమపడ్డారు. ఆ కోడలికీ అంతే. ఆమెకి ఆలోచించుకోవటానికి అరసెకను కూడా లేదు, మేం మాత్రం దాన్ని తీరిగ్గా అరగంట విచారించాం.

అందుకని నెమ్మది దానంతటదే పుణ్యం కాదు. ఒకరి మాట అందుకోవటానికి తగ్గించటం వేరు, వాళ్ళని పట్టుకోవటానికి తగ్గించటం వేరు. పైకి రెండూ ఒకే మీట. తేడా ఎలా తెలుస్తుందీ అంటే, నాకు తోచిన గుర్తు ఒకటే. వింటున్న సంగతి మాట్లాడిన మనిషికి చెప్పగలమా, లేదా? అత్తయ్యగారు మనవడికి నవ్వుతూ చెప్పగలరు, "నీ మాట మెల్లగా పెట్టుకుని విన్నాన్రా" అని. ఆ ఆడపడుచు కోడలికి చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు కూడా. ఆ పిల్ల సంక్రాంతికి వచ్చింది, అరిసెలు వండింది, వెళ్ళింది.

ఇక నా లెక్కలో చివరి మనిషి గురించి చెప్పాలో వద్దో అని చాలాసేపు ఆలోచించాను. ఆవిడే, "రాయండి, పేరు మాత్రం వద్దు" అన్నారు.

మా వీధి చివరింటావిడ. రెండేళ్ళ క్రితం భర్త పోయారు. గుండెపోటు, ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేదు. ఆయన ఫోటోలు బోలెడున్నాయి, షష్టిపూర్తి వీడియో ఉంది. అవేవీ ఆవిడ చూడరు. ఆయన పోవటానికి వారం ముందు రైతు బజారునుంచి పంపిన పద్నాలుగు సెకన్ల మాట ఒకటుంది. అది వింటారు. మావాళ్ళు విఎల్‌సి సంగతి ఎవరిద్వారా చెప్పారో, ఆవిడ దాన్ని సగానికి దించి ఇరవై ఎనిమిది సెకన్లు చేసుకున్నారు.

వాళ్ళబ్బాయి బెంగుళూరునుంచి వచ్చినప్పుడు నాతో గొడవపెట్టుకున్నాడు. "మీరైనా చెప్పండాంటీ, అది తీసెయ్యమని. రోజూ అదే వింటుంటే మనిషి ఎలా తేరుకుంటుంది?" అని. కొడుకుగా అతని భయం అతనిది. గాయాన్ని గోకుతుంటే మానదంటారు కదా. కానీ గాయం ఎవరిదో వాళ్ళకే తెలుస్తుంది, దురద ఎక్కడో, నొప్పి ఎక్కడో. నేను చెప్పనన్నాను. మనం తద్దినానికి ఏడాదికోరోజు కేటాయించాం, ఆవిడ రోజుకి ఇరవై ఎనిమిది సెకన్లు కేటాయించుకున్నారు. కలిపి చూస్తే ఏడాదికి మూడు గంటలు కూడా కావు. అదైనా ఆవిడకి వదిలెయ్యకూడదా?

మొన్న కూరగాయల బండి దగ్గర కనపడితే అడిగాను, ఇంకా వింటున్నారా అని.

"వింటున్నానండీ. రోజూ కాదులెండి. ఈమధ్య సాగదీయటం మానేశాను, మామూలుగానే పెట్టుకుంటున్నాను. ఆయన అసలు గబగబా మాట్లాడే మనిషి."

"ఏమన్నారండీ ఆయన అందులో?" అనడిగాను. అడగొచ్చో లేదో తెలియదు, నోటివెంట వచ్చేసింది.

"ఏముందీ, బెండకాయలు ముదిరిపోయాయి, దొండకాయలు తీసుకోనా అని."

"మీరేమన్నారు?"

"వద్దన్నాను. ఇంట్లో వంకాయలున్నాయి కదా" అని, ఆవిడ బండివాడివైపు తిరిగి దొండకాయలు ఏరటం మొదలుపెట్టారు.